పాడుచేసే పాట

బీటిల్స్ వీరాభిమానులు ఇద్దరు కలిస్తే ఆడుకునే ఆట ఒకటుంది. 1968లో వచ్చిన వైట్ ఆల్బమ్‌లో 30 ట్రాకులు, రెండు ఎల్పీలు. అందులో సగం తీసేసి ఒక్క ఎల్పీకి కుదించమంటే ఏవి ఉంచుతావ్, ఏవి తీసేస్తావ్? ఎనిమిది నిమిషాలకి పైగా సాగే ‘రెవల్యూషన్ 9’ అనే శబ్దాల కలగాపులగం దగ్గర అందరి చేతులూ ఒకేసారి లేస్తాయి. మిగతా వాటి దగ్గర గొడవ మొదలవుతుంది. వాళ్ల ప్రొడ్యూసర్ జార్జ్ మార్టిన్ కూడా ఈ ఆటగాడే. మంచివి ఏరుకుని ఒక్క ఎల్పీగా తెచ్చుంటే బాగుండేదని చెప్పుకున్నాడు. పాల్ మెక్‌కార్ట్నీ మాత్రం ‘ఆంథాలజీ’ డాక్యుమెంటరీలో ఈ వాదనని ఒక్క తోపు తోసేస్తాడు. అది గొప్ప రికార్డు, జనం కొన్నారు, ఇంక నోళ్లు మూసుకోండి అన్న ధోరణి ఆయనది.

మనమేం తక్కువ తినలేదు. ఇళయరాజా గురించి రెండు టీలు తాగేంతసేపు మాట్లాడుకుంటే చాలు, “అన్నీ ఆణిముత్యాలే గానీ ఆ ఒక్క పాట లేకపోయుంటేనా...” అని ఎవరో ఒకరు అనకుండా ఉండరు. అందరికీ తలా ఒక ‘ఆ ఒక్క పాట’ ఉంటుంది. ఈ ఆటలో నాకు పేచీ ఉన్నది ఒక్కచోటే. పాట బలహీనంగా ఉండటం ఒక సంగతి. ఆల్బమ్‌ని పాడుచేయడం ఇంకో సంగతి. రెంటినీ ఒకే గాటన కట్టేసి, పేలవంగా ఉన్నదాన్నల్లా దోషిగా నిలబెడుతున్నాం. నిజంగా పాడుచేసే పాటలేమో చాలాసార్లు చక్కగా దువ్వుకుని, పౌడర్ రాసుకుని, బుద్ధిమంతుల్లా మధ్యలో కూర్చుని ఉంటాయి.

‘అబీ రోడ్’ తీసుకోండి. 1969 సెప్టెంబర్‌లో విడుదలైంది. ‘లెట్ ఇట్ బీ’ దాని తర్వాత మార్కెట్లోకి వచ్చినా, ఎక్కువ భాగం ముందే రికార్డు అయిపోయింది కాబట్టి, నలుగురూ కలిసి కూర్చుని చేసిన ఆఖరి ఆల్బమ్ ఇదే అనుకోవచ్చు. మొదటి వైపు రెండో పాట జార్జ్ హారిసన్ ‘సమ్‌థింగ్’. ప్రేమ పాటల్లో నాకు బాగా ఇష్టమైన సంగతి ఒకటి ఇందులో ఉంది. పాడేవాడికి తన ప్రేమ మీద పూర్తి భరోసా లేదు. ఇది పెరుగుతుందా అని అడిగితే ఏమో, తెలీదు అంటాడు. ఆ తెలియకపోవడాన్ని గొంతు కాస్త పెంచి ఒప్పుకుంటాడు, తర్వాత గిటార్ ఆ మాటనే నెమ్మదిగా, మాటల్లేకుండా ఇంకోసారి చెప్తుంది. పాట అయిపోతుంది. మనం ఇంకా అక్కడే ఉంటాం.

అంతలో ‘మాక్స్‌వెల్స్ సిల్వర్ హ్యామర్’ మొదలవుతుంది.

మాక్స్‌వెల్ ఒక వైద్య విద్యార్థి. తనతో సినిమాకి బయల్దేరిన అమ్మాయిని, తర్వాత టీచరమ్మని, తర్వాత జడ్జిని సుత్తితో కొట్టి చంపుతాడు. పల్లవి వచ్చినప్పుడల్లా దాగలి మీద సుత్తి పడి టంగుమంటుంది. ట్యూన్ పాత ఇంగ్లిష్ మ్యూజిక్ హాల్ తరహాలో హుషారుగా గెంతుతూ పోతుంది. ఇందులో చేతకానితనం ఎక్కడా లేదు. హార్మనీలు శుభ్రంగా ఉన్నాయి. అప్పటికింకా కొత్త వింతగా ఉన్న మూగ్ సింథసైజర్‌ని మెక్‌కార్ట్నీ చాలా ఒడుపుగా వాడాడు. పనితనం లెక్కన చూస్తే ఆ ఆల్బమ్‌లో నునుపు ఎక్కువ ఉన్న పాటల్లో ఇదొకటి. పరీక్ష పెడితే నూటికి ఎనభై వేయొచ్చు.

అయినా పాడుచేసింది. ఎందుకంటే పాట లోపల ఒక్క ప్రాణీ లేదు. చచ్చినవాళ్లు ప్రాస కోసం చచ్చారు. చంపినవాడికి కోపం లేదు, పిచ్చి లేదు, కనీసం సరదా కూడా లేదు. అంతకు నిమిషం ముందు ఒక మనిషి తన మనసు తనకే తెలియడం లేదని చెప్పుకుంటే నమ్మి వింటున్నాం కదా, ఆ వినేవాణ్ణి భుజం మీద చరిచి “ఊరికే అన్లే” అన్నట్టు ఉంటుంది. ‘సమ్‌థింగ్’ తర్వాత కాకుండా ఇంకెక్కడ పెట్టినా ఇంత నొప్పి ఉండేది కాదేమో. వరసకి కూడా బాధ్యత ఉంటుంది.

ఈ పాట బయటి కథ తెలిస్తే నొప్పి ఇంకాస్త పెరుగుతుంది. 1969 జులై మొదటి రోజున జాన్ లెనన్ స్కాట్లండ్‌లో కారు ప్రమాదంలో గాయపడ్డాడు, కారులో భార్యాపిల్లలు కూడా ఉన్నారు. అతను కోలుకుని స్టూడియోకి తిరిగొచ్చేసరికి అక్కడ నడుస్తున్నది ఈ సుత్తి పాట. అందులో అతను ఏమీ వాయించలేదు. మెక్‌కార్ట్నీ తప్ప మిగతా ముగ్గురూ తర్వాతి కాలంలో ఈ పాట రికార్డింగ్‌ని తలుచుకుని విసుక్కున్నవాళ్లే. ఒక బ్యాండ్ చచ్చిపోతోంది, ఆ సంగతి గదిలో అందరికీ తెలుసు. ఆ గదిలో చావు మీద రోజుల తరబడి చెక్కిన ఒక జోక్, అందులో చావుకి ఈకంత బరువు కూడా లేదు.

పీటర్ జాక్సన్ 2021లో తెచ్చిన ‘గెట్ బ్యాక్’ చూసినవాళ్లకి ఒక దృశ్యం గుర్తుండే ఉంటుంది. అదే ఏడాది జనవరిలో ఈ పాటని మొదటిసారి సాధన చేస్తున్నారు. వాళ్ల సహాయకుడు మాల్ ఎవన్స్, భారీ మనిషి, దాగలి ముందు కూర్చుని తన వంతు వచ్చినప్పుడల్లా సుత్తి ఎత్తి కొడుతుంటాడు. మొహం నిండా పసిపిల్లాడి సంతోషం. ఆ పాటతో నిజంగా సుఖపడిన మనిషి అతనొక్కడే అనిపిస్తుంది నాకు.

ఇప్పుడు అదే వైపు ఇంకో రెండడుగులు ముందుకెళ్తే ‘ఆక్టోపస్‌స్ గార్డెన్’ వస్తుంది. రింగో స్టార్ రాసి పాడింది. గొంతు అంతంతమాత్రం, ట్యూన్ పిల్లల పాటకి ఎక్కువ కాదు, సముద్రం అడుగున ఆక్టోపస్ తోటలో హాయిగా ఉండాలనుందని దాని సారాంశం. బలహీనమైన పాట ఏదని ఓటు పెడితే చాలామంది దీనికే గుద్దుతారు. కానీ ఇది ఎక్కడ పుట్టిందో చూడండి. 1968లో వైట్ ఆల్బమ్ గొడవల మధ్య రింగో అలిగి బ్యాండ్ వదిలేసి వెళ్లిపోయాడు. సార్డీనియా దగ్గర పడవ మీద ఉండగా, ఆక్టోపస్‌లు సముద్రం అడుగున రాళ్లూ మెరిసే వస్తువులూ ఏరుకొచ్చి తమ గుహల ముందు తోటలా పేర్చుకుంటాయని పడవ కెప్టెన్ చెప్పాడు. ముగ్గురు మేధావుల కీచులాటల మధ్య నలిగిన డ్రమ్మర్‌కి, ఆ మాట ఎంత చల్లగా తగిలి ఉంటుంది! పాట ఎంత పేలవంగా ఉన్నా, అడుగున ఒక అవసరం ఉంది. అలసిన మనిషి ఉన్నాడు. ఇది ఆల్బమ్‌ని పాడుచేయదు. పక్కన ఉన్న గొప్ప పాటలు దీన్ని చూసి మొహం తిప్పుకోవు.

రింగోకి ఆల్బమ్‌కో పాట ఇవ్వడం ఆ ఇంట్లో ఆనవాయితీ. ఉమ్మడి కుటుంబంలో చిన్నోడికీ వాటా ఉండాలిగా. వాటాల పాటలు అన్నిచోట్లా ఇంత ముద్దుగా ఉండవు. ‘పోలీస్’ బ్యాండ్ 1983లో తెచ్చిన చివరి స్టూడియో ఆల్బమ్ ‘సింక్రనిసిటీ’లో దాదాపు పాటలన్నీ స్టింగ్‌వే. మిగిలిన ఇద్దరికీ సొంతంగా ఒక్కొక్క పాట దక్కింది. గిటారిస్ట్ ఆండీ సమర్స్ తన వాటాలో ‘మదర్’ పెట్టాడు. తల్లి మీద, ఫోన్ మీద, ఆడవాళ్ల మీద మూడు నిమిషాల కేక అది. రాక్ ఆల్బమ్‌లని పాడుచేసిన పాటల జాబితా ఎవరు రాసినా అందులో ఇది ఉంటుంది. నాకైతే అది చెవులకి నరకంగా ఉన్నా, అబద్ధంగా అనిపించదు. విడిపోబోతున్న ఇంట్లో ఒక తలుపు తెరుచుకుని లోపలి అరుపు బయటికి వినిపించినట్టుంటుంది. అంతకుమించి దాన్ని వెనకేసుకు రాలేను.

మన సంగతికొద్దాం. ఇక్కడ ఒక చిక్కుంది. పై ఆల్బమ్‌లలో పాట ఎందుకు ఉందని నిలదీయడానికి ముగ్గురో నలుగురో మనుషులున్నారు. తెలుగులో ఆల్బమ్ అంటే సినిమా పాటల కట్ట. దానికి కర్త ఎవరు? సంగీత దర్శకుడా, దర్శకుడా, హీరోనా, ‘సెకండాఫ్‌లో ఓ మాస్ పాట పడాలి’ అన్న పంపిణీదారుడా? ఆరు పాటలు, నాలుగు ఫైట్లు అనే కొలతకి కుట్టిన చొక్కాలో ఏ గుండీ ఎవరు పెట్టారని అడుగుతాం? అందుకే మన ‘ఆ ఒక్క పాట’ని విడిగా విని తిట్టుకోవడం, పెళ్లి ఆల్బమ్‌లో ఒక ఫొటో చూసి పెళ్లంతా బాగాలేదనడం లాంటిది. అలాగని సినిమా చూసొచ్చి అన్నింటినీ క్షమించేయాలని కాదు. ఒక్కో పాట దగ్గరా విడిగా ఆగాల్సిందే.

నేను ఆగేది ‘గీతాంజలి’ దగ్గర. 1989. మణిరత్నం నేరుగా తెలుగులో తీసిన ఒకే ఒక్క సినిమా. ఇళయరాజా సంగీతం, వేటూరి మాటలు, ఏడు పాటలు. ‘ఓ ప్రియా ప్రియా’ గురించీ, ‘ఆమని పాడవే’ గురించీ కొత్తగా చెప్పేదేం లేదు. తెలుగువాళ్లు ముప్ఫై ఏళ్లకి పైగా వాటిని మోసుకు తిరుగుతూనే ఉన్నారు. ఈ ఏడింటిలో అందరూ దాటేసేది ‘నందికొండ వాగుల్లోన’. దాన్ని ఊరికే, స్నానం చేస్తూ పాడుకునేవాళ్లని నేనింతవరకూ చూడలేదు. దెయ్యం పేరుతో రాత్రిపూట భయపెట్టే అల్లరి చుట్టూ అల్లిన పాట అది. తెర లేకుండా వింటే కోరస్, హడావుడి, ఎఫెక్టులు ముందుకొచ్చేస్తాయి. ‘జల్లంత కవ్వింత’లో వాన మనమీదే పడినట్టుంటుంది, ఇందులో భయం మాత్రం మనదాకా రాదు. సందర్భం ఊతం లేకపోతే నిలబడని పాట. బలహీనమే, మొహమాటం అక్కర్లేదు.

కానీ ఆ కథలో ఉన్నదెవరు? ఇద్దరు పిల్లలు, ఇద్దరికీ చావు రాసిపెట్టి ఉంది. అతనికి క్యాన్సర్, ఆమెకి గుండె జబ్బు. ఆమెకి తన సంగతి తెలుసు. తెలిసీ ఊటీ పొగమంచులో తిరుగుతూ ఊళ్లో కుర్రాళ్లని ఆటపట్టిస్తూ ఉంటుంది. దెయ్యం వేషం ఆమె బొమ్మల పెట్టెలో ఒక బొమ్మ. త్వరలో చచ్చిపోబోయే పిల్ల చావుతో ఆడుకుంటోంది. వేటూరి ఆ దెయ్యానికి ఇచ్చిన గోడు ఏంటో విన్నారా? తన ఊరేదో, పేరేదో, తన వాళ్లెవరో వెతుక్కుంటుంది. వేళాకోళం పాటలో ఎవరూ అడగని చోట, చచ్చిపోయాక మనిషి ఏమవుతాడన్న ప్రశ్నని ఆయన చడీచప్పుడు లేకుండా పెట్టి వెళ్లిపోయాడు.

ఇక్కణ్ణుంచి వెనక్కి చూస్తే ‘ఓం నమః’ వేరేగా వినిపిస్తుంది. అందులో మొదట వినబడేది గుండె చప్పుడు. ప్రేమ పాటకి గుండె చప్పుడు తాళం వేయడం చూడచక్కని ఆలోచన అనుకుని వదిలేయొచ్చు. కానీ ఆ అమ్మాయికి జబ్బు చేసింది గుండెకే. ఆ చప్పుడు ప్రేమకీ లెక్కే, మిగిలిన రోజులకీ లెక్కే. ‘ఆమని పాడవే’లో వసంతాన్ని బతిమాలుకునే గొంతు కూడా ఆ లెక్కలోంచి వచ్చిందే. ఈ దారంలోంచి ‘నందికొండ’ అనే చవక పూసని తీసేస్తే దారం తెగదు గానీ, అది దేనికోసం కట్టిన దారమో మర్చిపోతాం. ఇళయరాజా లవ్ సాంగ్స్ అని పేరుపెట్టిన ప్లేలిస్టుల్లో జరిగింది అదే. గీతాంజలి పాటలు ఉంటాయి, గీతాంజలి చావు ఉండదు. గుండె చప్పుడు ఒక సౌండ్ ఎఫెక్ట్ అయిపోతుంది.

చావు మీద రెండు జోకులు, రెండు గొప్ప ఆల్బమ్‌లలో. ఒకటి నున్నగా చెక్కిన పాట, రెండోది గరుకుగా ఉన్న పాట. నున్నటిదాంట్లో చావు ఎవరిదీ కాదు. గరుకుదాంట్లో నవ్వుతున్న పిల్లదే. అందుకే ‘మాక్స్‌వెల్’ పాడుచేసిందనీ, ‘నందికొండ’ చేయలేదనీ నా తీర్పు. ‘నందికొండ’ని ఇప్పటికీ దాటేస్తుంటాను, అది వేరే విషయం.

బాగున్న పాట పాడుచేయడానికి మన దగ్గరే దర్జా ఉదాహరణ ఉంది. 2009 ‘మగధీర’. పాటలు కీరవాణివి. నాలుగు వందల ఏళ్ల కింద తెగిపోయిన ప్రేమ మళ్లీ పుట్టి వెతుక్కునే కథ, ‘ధీర ధీర’ లాంటి పాటలో ఆ వెతుకులాట అంతా ఉంది. మధ్యలో ‘బంగారు కోడిపెట్ట’ రీమిక్స్ దిగుతుంది. 1992లో ‘ఘరానా మొగుడు’కి ఆ పాట చేసింది కూడా కీరవాణే. పాట దమ్మున్న పాట, దానికి వంక పెట్టేవాళ్లతో నేను వాదనకి దిగను. తెర మీద చిరంజీవి కనిపించి వెళ్తారు, తర్వాత కొడుకు తండ్రి పాటకి చిందేస్తాడు. హాల్లో విజిళ్లు పడ్డాయంటే పడవా మరి! పునర్జన్మ సినిమాలో పాటకి కూడా పునర్జన్మ ఇచ్చారని సరదాగా సమర్థించుకోవచ్చు. కానీ ఆల్బమ్‌గా వింటున్నప్పుడు జరిగేది ఇది: అప్పటిదాకా కాలభైరవుడి గురించీ హర్ష గురించీ వింటున్నవాణ్ణి ఆపి, ఈ అబ్బాయి ఎవరబ్బాయో తెలుసు కదా అని గుర్తుచేస్తారు. అది అభిమానులకి చెల్లించిన కప్పం. ఎంత మంచి నాణేలతో చెల్లించినా కప్పం కప్పమే.

ఇక్కడ ఒక అనుమానం రావాలి, మీకు రాకపోయినా నేనే తెస్తాను. ఈ ‘పాడుచేసిన పాటల’ లెక్క రాసేది ఎవరు? హెడ్‌ఫోన్స్ పెట్టుకుని ఆల్బమ్ మొదటి నుంచి చివరిదాకా వినే తీరిక ఉన్న మనం. మనకి డాన్సు పాట, ఊపు పాట, రెండర్థాల పాట కనబడగానే ‘అదిగో దొంగ’ అనే అలవాటు ఉంది. ‘జగదేకవీరుడు అతిలోకసుందరి’లో ‘అబ్బనీ తీయని దెబ్బ’ని చూసి చెవులు మూసుకున్న పెద్దమనుషులు బోలెడుమంది. ఆ ట్యూన్ ఆ ఆల్బమ్‌లో దేనికి తీసిపోయింది? ఆ ఇల్లే అల్లరి ఇల్లు, ఆ పాట ఆ ఇంటి పిల్ల. మాస్ కోసం చేయడం తప్పు కాదు. ఆ వినేవాళ్లకి ఇంతే చాలులే అనుకుని చేయడం తప్పు. ఆ తేడా ఆటోలో వినేవాడికీ తెలుస్తుంది, మనకంటే ముందే తెలుస్తుంది.

‘మంచి కాఫీలాంటి సినిమా’ అని చెప్పుకున్న ‘ఆనంద్’ (2004) ఆల్బమ్‌లో ‘చారుమతి ఐ లవ్ యూ’ ఉంది చూడండి, అది కాఫీ మీద కట్టిన మీగడ. కొందరు ఇష్టంగా తింటారు, కొందరు వేలితో తీసి సాసర్ అంచుకి రాస్తారు. కాఫీకి వచ్చిన నష్టమేం లేదు. కె.ఎం. రాధాకృష్ణన్ మిగతా పాటల్లో అంత నెమ్మదిగా కాచిన డికాక్షన్ ఇంత చిన్న తరకకి విరిగిపోదు.

క్యాసెట్ రోజుల్లో ఇలా వేలితో తీసేయడానికి శ్రమ ఉండేది. ఫార్వర్డ్ నొక్కి, అంచనా వేసి వదిలితే పక్క పాట చరణం మధ్యలో తేలేవాళ్లం. మళ్లీ వెనక్కి. ఈ తంటాలు పడలేక వినేసిన పాటలు, వినీ వినీ ఇష్టమైపోయిన పాటలు ఎన్నో. ఇప్పుడు బొటనవేలు చాలు. పైగా సినిమా వాళ్లే ఫస్ట్ సింగిల్, సెకండ్ సింగిల్ అంటూ నెలకొకటి విడివిడిగా వదులుతున్నారు. పాటకి పక్కన ఇంకో పాట ఉండటమే అరుదైపోయాక ఏది దేన్ని పాడుచేస్తుంది? ఒంటరిగా వచ్చిన పాట ఒంటరిగానే హిట్టయి, ఒంటరిగానే పాతబడిపోతుంది.

‘అబీ రోడ్’లో తీసేసిన పాట కూడా ఒకటుంది. రెండో వైపు వరసగా కలిపి కుట్టిన చిన్న పాటల మధ్యలో ‘హర్ మెజెస్టీ’ అనే ముక్క ఉండేది, అర నిమిషం కూడా ఉండదు. అది అక్కడ అతకలేదని మెక్‌కార్ట్నీ తీసేయమన్నాడు, పారేయమన్నాడు. అక్కడ పనిచేస్తున్న కుర్ర టేప్ ఆపరేటర్‌కేమో, బీటిల్స్ పాడింది ఏదీ పారేయకూడదని పైవాళ్ల ఆజ్ఞ. కత్తిరించిన ముక్కని తీసుకెళ్లి టేపు చివర, కాస్త ఖాళీ వదిలి అతికించాడు. తర్వాత వింటుంటే ‘ది ఎండ్’ అయిపోయి, నిశ్శబ్దం గడిచి, హఠాత్తుగా అది మోగింది. వాళ్లకి నచ్చి అలాగే ఉంచేశారు. మొదట అట్ట మీద దాని పేరు కూడా లేదు. ఇప్పటికీ ఆ ముక్క ముందున్న పాట తాలూకు ఆఖరి దెబ్బతో దబ్బున మొదలవుతుంది, దాని సొంత ఆఖరి స్వరం మాత్రం ఎక్కడో కత్తిరించిన చోటే ఉండిపోయింది.